నొప్పి కాదు, బరువు

ఇరవై రెండేళ్లు నిలబడి పనిచేసిన గదిలో కూర్చోవడం ఎలాగో పెద్ద సిస్టరుకు తెలియలేదు. స్టూలు మీద ముందుకు జరిగింది, వెనక్కి జరిగింది, చేతులు ఒళ్లో పెట్టుకుంది, అవి అక్కడ ఉండలేక పోయి మంచం కమ్మీ పట్టుకున్నాయి. నాలుగో మంచం. దీని ఎడమ చక్రం లాగేస్తుందని, తలవైపు మీట రెండుసార్లు నొక్కితేగాని లేవదని, పక్కనున్న తెరకు మూడు కొక్కేలు ఊడిపోయాయని ఆమెకు తెలుసు. స్టూలు మీంచి చూస్తే పైకప్పు దీపం సరిగ్గా రోగి కళ్లల్లోకే కొడుతుందని మాత్రం ఇవాళే తెలిసింది. మంచం మీద వదిన, అన్నయ్య భార్య. ఛాతీ మీద తీగలు, వేలికి క్లిప్పు, మోచేతి మడతలో సూది, తల పక్కన మానిటరు. గోడ గడియారంలో పదకొండూ పది. నమిలి మింగే మాత్ర ఇచ్చారు, మొదటి ఈసీజీ తీశారు, గీతలన్నీ బుద్ధిగా ఉన్నాయి. గుండె కండకు దెబ్బ తగిలిందో లేదో చెప్పే రక్తపరీక్ష ఒక్కసారి చేస్తే చాలదు, గంట ఆగి మళ్లీ రక్తం తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిసారి తీసి ఐదు నిమిషాలైంది. "ఒక్క గంట ఓపిక పట్టండమ్మా" అని ఎన్ని వేలమందికి చెప్పిందో, ఆ గంట ఇదేనన్నమాట, దీన్లో ఇన్ని నిమిషాలుంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

వదిన ఊరుకుంటే కదా. "ఈ పరుపులో ఏం కుక్కారే పిల్లా, కంకరా?" అంది. యాభై ఏళ్ల మనిషిని పిల్లా అని పిలిచేది లోకంలో వదిన ఒక్కతే. దిండు పల్చన అంది. బీపీ పట్టీ తనంతట తనే బిగుసుకుంటుంటే "ఇదేమిటే, నన్ను పట్టుకుని పిండుతోంది" అని ఉలిక్కిపడింది. కుట్టు మిషను మీద స్కూలు చొక్కాలు పద్నాలుగు అలాగే ఉన్నాయంది, అన్నిటికీ కాలర్లు ఎక్కించాలంది, కిటికీ వేశానో లేదో అంది, బయట మీ అన్నయ్య మంచినీళ్లైనా తాగాడో లేదో చూసి రమ్మంది. అన్నయ్య బయట వరండాలో కుర్చీల్లో ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఎదురుగా ఎవరైనా అడ్డం వస్తే తప్ప నోరు విప్పడు, వదిన చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. మానిటరు మీద ఆకుపచ్చ గీత లేస్తోంది, పడుతోంది. ఎవరి గీతనైనా నడుస్తూ నడుస్తూ ఒక్క చూపుతో చదివేసే మనిషికి ఇవాళ దాన్ని చూడాలంటే ధైర్యం చాలడం లేదు, చూడకుండా ఉండాలన్నా చాలడం లేదు.

పొద్దున ఏడున్నర. ఆస్పత్రిలో బట్టలు మార్చుకునే గదిలో పెద్ద సిస్టరు, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ఛాతీలో ఏదో పట్టేసినట్టుందే, అంది వదిన. నొప్పా, అంది తను. నొప్పి కాదులే, అంది వదిన. అయితే గ్యాస్, మాత్ర వేసుకుని వేడినీళ్లు తాగు. అంతేనంటావా? అంతే. రెండు బూట్ల తాళ్లూ కట్టడం అయ్యేలోపు వైద్యం కూడా అయిపోయింది. ఎందుకంటే పోయిన వారం మెడ నరం, అంతకు ముందు వారం అరికాళ్ల మంట, అంతకు ముందు చెవిలో గాలి, దానికి ముందు "కళ్లు మూసుకుంటే చీకటిగా ఉంటోందే" అన్న రోజు కూడా ఉంది, ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. నాన్నా పులి కథే. ఫోను జేబులో వేసుకుంటూ రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు అనుకుంది. అనుకుని నవ్వుకుంది. అదే ఇప్పుడు స్టూలు మీద కూర్చున్నాక ముల్లులా గుచ్చుకుంటోంది. ఎనిమిది దాటాక వదిన మళ్లీ ఫోను చేసి "నీ మాత్రకి చేత్తో తీసేసినట్టు పోయిందే" అని మెచ్చుకుంది కూడా.

నొప్పా అని అడగకూడదు. ఈ ఆస్పత్రిలో ఆ సంగతి తెలియని నర్సు లేదు, ఎందుకంటే చెప్పింది తనే. క్యాజువాలిటీ గుమ్మంలో ఉన్న బల్ల దగ్గర, వచ్చినవాళ్లను వచ్చినట్టే చూసి, ఆగలేనివాళ్లకు ఎర్ర చీటీ, కాసేపు ఆగగలిగినవాళ్లకు పసుపు చీటీ, కూర్చోగలిగినవాళ్లకు పచ్చ చీటీ ఇచ్చే ఆ బల్ల దగ్గర కొత్తగా ఎవరు కూర్చున్నా మొదటి పాఠం ఇదే. నొప్పంటే జనానికి పన్ను నొప్పి, కాలు విరిగిన నొప్పి. గుండె పిండేస్తుంటే దాన్ని నొప్పి అనరు. ఒక తాపీ మేస్త్రి వచ్చి, నొప్పేం లేదు సిస్టర్, ఇటుకల తట్ట దించడం మర్చిపోయినట్టుంది అన్నాడు. ఇంకో వాచ్‌మన్ దవడ పట్టుకుని వచ్చి పళ్ల డాక్టరు ఏ గదిలో ఉంటాడని అడిగాడు. ఒక పెద్దావిడ అయితే ఒట్టి నీరసం అంది, చెమట తుడుచుకుంది, అంతే. ముగ్గురికీ గుండెపోటే. అందుకే, "నొప్పా?" అంటే "కాదు" అంటారు, తప్పు వాళ్లది కాదు, అడిగినవాళ్లది. ఎలా ఉందో మీ మాటల్లో చెప్పండి అని అడిగి, మీరు నోరు మూసుకోండి. అంతేనా, బల్ల వెనక గోడకు తన చేత్తో రాసి అంటించింది కూడా: "గ్యాస్ అన్నది డాక్టరు అనాల్సిన మాట. అదీ ఈసీజీ చూశాక." ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటే పడదూ మరి.

అక్కడితో ఆగినా బాగుండేది. పదీ యాభైకి అన్నయ్య వదినను నడిపించుకుంటూ వచ్చేసరికి బల్ల దగ్గర కొత్త సిస్టరు ఉంది. చేరి నాలుగు నెలలు, గొంతు పెగలదు, పెద్ద సిస్టరు అటు వస్తుంటే ఇటు లేచి నిలబడుతుంది. "మా వదినే. గ్యాస్. పచ్చ చీటీ ఇచ్చి కూర్చోబెట్టు, చేతిలో పని అయ్యాక వస్తా" అని చెప్పి తను వెనక్కి తిరిగింది. తిరిగింది గానీ వినపడింది. "అమ్మా, ఎలా ఉందో మీ మాటల్లో చెప్పండి" అంది కొత్త సిస్టరు. అని, నోరు మూసుకుంది. వదిన నేల వంక చూస్తూ చాలాసేపటికి "ఎవరో అరచెయ్యి పెట్టి గోడకి అదిమిపట్టినట్టుందమ్మా" అంది. "నొప్పి కాదు. బరువు." సొరుగు చప్పుడైంది. కొత్త సిస్టరు తీసింది ఎర్ర చీటీ. తల ఎత్తకుండానే "మీరే చెప్పారు కదా సిస్టర్" అంది. పెద్ద సిస్టరుకు ఒళ్లు మండింది, ఆ మంట ఒక్క క్షణమే, ఆ వెంటనే పరుగెత్తి స్ట్రెచరు తెచ్చింది తనే.

పదకొండూ ఇరవై రెండు. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. తలుపు దగ్గర నేల తుడిచే ఆమె బకెట్టు జరిపిన చప్పుడు. డ్యూటీ డాక్టరమ్మ ఈసీజీ కాగితం వెలుతురుకు పట్టి చూస్తోంది, ముప్పై నిండని పిల్ల, మాట తొందరపడదు, చెయ్యి తొందరపడుతుంది, అలాంటి డాక్టర్లంటే పెద్ద సిస్టరుకు గౌరవం. ఇందాక ఆ పిల్లే మంచం మీదికి వంగి "ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగింది. వదిన కళ్లు ఒక్క రెప్పపాటు ఆడపడుచు మీద వాలి మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగాయి. "ఇందాకే తల్లీ, పదిన్నరకి. అంతకుముందు నిక్షేపంలా ఉన్నాను." కొత్త సిస్టరు కేస్ షీట్ మీద పదిన్నర అని రాసింది. పెద్ద సిస్టరు నోరు తెరిచింది. మూసుకుంది.

పదిన్నర అయితే ఏమిటి, ఏడున్నర అయితే ఏమిటి, గంటలో రక్తం ఎలాగూ నిజం చెప్పేస్తుంది కదా, మధ్యలో తను చెప్పేదేముంది. ఇలా తనకు తను సర్దిచెప్పుకుంటుంటే ఒక టీ మరక గుర్తొచ్చింది. రెండు మూడేళ్ల కిందటి మాట. ఒక రిటైరైన లెక్కల మాస్టారును కూతురు తీసుకొచ్చింది. ఆయన మూతి ఒక పక్కకు జారింది, రెండు చేతులూ ఎత్తమంటే కుడి చెయ్యి మెల్లగా దిగిపోయింది, పేరడిగితే మాటలన్నీ ముద్దగా వచ్చాయి. పక్షవాతమని చూడగానే తెలుస్తోంది. రక్తం గడ్డ కరిగించే మందు వేళలోపు ఇస్తే మనిషి మనిషౌతాడు, వేళ దాటాక ఇస్తే మెదడులో రక్తం చిమ్మొచ్చు, అందుకే అక్కడ మొదటి ప్రశ్న ఆయన చివరిసారిగా బాగున్నది ఎప్పుడని. అరగంట క్రితం, అంది కూతురు. మందు సిద్ధం చేస్తున్నారు. పెద్ద సిస్టరు ఆయన చొక్కా విప్పుతూ చూస్తే గుండీల దగ్గర ఒలికిన టీ, ఎండి అట్టకట్టి ఉంది. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి నీళ్లిచ్చి, ఇప్పుడు చెప్పమ్మా అంది. నాన్నను ఒంటరిగా వదిలేసి తెల్లవారుజామునే పనికి వెళ్లిపోయిందట, చెప్పుకోవడానికి సిగ్గేసిందట. మందు ఆపారు, వేరే దారి చూశారు, మాస్టారు కర్ర పట్టుకుని నడిచి ఇంటికెళ్లారు. ఆ వారమంతా తను కనిపించిన ప్రతి నర్సుకీ చెప్పింది: సిగ్గు మనుషుల్ని చంపుతుంది, గంటలు దాచనివ్వకండి. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ అని ఊరికే అనలేదు.

వదినది సిగ్గు కాదు. వదినకు సిగ్గేమిటి, నడివీధిలో నిలబడి ఎవరితోనైనా దెబ్బలాడగలదు. ఆడపడుచు, తను పనిచేసే చోట, తన కింద పనిచేసేవాళ్ల ముందు, మాట పడకూడదు, అంతే. అమ్మ పోయిన ఏడాదికి వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టింది. అప్పుడు తనకు పన్నెండేళ్లు, జడ వేసుకోవడం రాదు, నెత్తినిండా పేలు, ఎవరైనా దువ్వడానికి వస్తే కరిచేది. వదిన్నీ కరిచింది. వదిన చెయ్యి తీసి చూసుకుని "పళ్లు గట్టివే" అని మళ్లీ దువ్వెన తీసుకుంది. ఆ మరుసటేడు ఎవరిదో పెళ్లి కోటు, కుట్టడం అయిపోయి ఇస్త్రీకి ఉంటే, తను చేస్తానని పంతం పట్టి, ఇస్త్రీపెట్టె కోటు మీదే వదిలేసి బొమ్మల పుస్తకం చదువుతూ కూర్చుంది. వాసన వచ్చేసరికి వీపు మీద ముక్కోణం మాడిపోయింది. కోటాయన వచ్చి అరిచాడు, అన్నయ్య తల వంచుకున్నాడు. వదిన "నా చెయ్యే, నిద్రలో తూలాను" అంది. ఆ ముక్క అన్నయ్యకు ఇప్పటికీ అలాగే తెలుసు. ముప్పై ఏడేళ్లు. ఈ లెక్కన వదిన తన తప్పులు ఎన్ని మోసిందో, అందులో తనకు తెలిసినవెన్నో తెలియనివెన్నో. అప్పుడు పోయింది ఒక కోటు. ఇవాళ, మంచం మీద పడుకుని, ఛాతీ మీద ఇన్ని తీగలు పెట్టుకుని, మళ్లీ మోయబోయింది, చూస్తూ చూస్తూ తను మోయనిచ్చింది.

రక్తం నిజం చెబుతుంది నిజమే, కానీ గంటకు చెబుతుంది. వచ్చి, తగ్గి, కూర్చున్నచోటే మళ్లీ వచ్చిన బరువు వేరు, ఒక్కసారి వచ్చిన బరువు వేరు. రక్తనాళం తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగిసలాడుతోందని దానర్థం, ఎప్పుడు పూర్తిగా మూసుకుంటుందో చెప్పలేం. అలా వచ్చిందని తెలిస్తే గంట లెక్క చూడరు, గుండె డాక్టరుకు అప్పుడే ఫోను చేస్తారు. ఆ సంగతి పక్క మంచానికైతే అరిచి చెప్పి ఉండేది. ఇక్కడ పదిన్నర అని రాసి ఉంది, ఆ అక్షరాలు గుండ్రంగా, శుభ్రంగా, తను నేర్పినట్టే ఉన్నాయి, వాటి కింద తన పరువు పదిలంగా ఉంది. ఒకసారి ఎవరో ఒకాయన్ని రోడ్డు పక్కనుంచి ఎత్తుకొచ్చి పడేస్తే, తాగుబోతని అందరూ ముక్కు మూసుకుంటుంటే, చెమటకు తడిసిన ఒంటిని ముట్టుకుని వేలు పొడిచి చూసింది, చక్కెర ముప్పై ఎనిమిది, నరంలోకి గ్లూకోజు ఎక్కగానే లేచి కూర్చుని నా చెప్పులేవని దబాయించాడు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు గుర్తొస్తోంది ఇది ఇప్పుడు. చప్పట్ల రుచి మరిగిన మనిషికి తప్పు ఒప్పుకోవడం ఎంత చేదో తెలియడానికా.

పదకొండూ ముప్పై నాలుగు. బీపీ పట్టీ బిగుసుకుంది, వదిలింది. పెద్ద సిస్టరు తల ఎత్తింది. ఏదో తేడాగా ఉంది. మానిటరు గీత మామూలుగానే ఉంది, అంకెలు మామూలుగానే ఉన్నాయి, పక్క మంచం దగ్గు ఆగలేదు. అప్పుడు తెలిసింది, వదిన మాట్లాడటం లేదు. పట్టీ బిగుసుకున్నా ఏమీ అనలేదు. ఎంతసేపటినుంచి? చొక్కాల గురించి అన్నది ఎప్పుడు, పావుగంట అయిందా? పైకప్పు వంక చూస్తోంది, దీపం కళ్లల్లో కొడుతున్నా చూపు పక్కకు తిప్పుకోవడం లేదు. "వదినా, ఎలా ఉంది?"

"బాగానే ఉందే" అంది వదిన.

ముప్పై ఎనిమిదేళ్లలో వదిన నోట ఆ మాట వినలేదు. పనిలో చేరిన మొదటి వారం ముసలి హెడ్ సిస్టరు చెప్పింది, అరిచేవాళ్లకు ఊపిరి ఉన్నట్టే, అరవనివాళ్ల దగ్గరికి ముందు పరుగెత్తమని. చెయ్యి వేసి చూసింది. నుదురు చల్లగా, జిగటగా ఉంది. పై పెదవి మీద చెమట. "మళ్లీ వచ్చిందా? ఆ బరువు?" ఈసారి కూడా అలా అడగకూడదని తెలుసు, అయినా అడిగింది, వదిన కళ్లు మూసుకుని తల ఊపింది.

పెద్ద సిస్టరు లేచి నిలబడింది. విచిత్రంగా కాళ్లకు నేల దొరికింది. "డాక్టరమ్మా" అంది, ఆ గదిలో ఏ గొంతుతో రోజూ పిలుస్తుందో ఆ గొంతుతోనే. "నాలుగో మంచానికి బరువు మళ్లీ వచ్చింది, చెమటలు పట్టాయి. షీటు మీద టైము తప్పు. ఏడున్నరకి మొదలైంది. అప్పుడే నాకు ఫోను చేసింది. నేను నొప్పా అని అడిగాను, కాదంది, గ్యాస్ అన్నాను. ఎనిమిదికి తగ్గింది. పదిన్నరకి మళ్లీ. ఇప్పుడు మూడోసారి."

"ఎవరడిగారే నిన్ను" అంది వదిన, కళ్లు తెరవకుండానే.

డాక్టరమ్మ పెద్ద సిస్టరు వంక చూడలేదు, రోగి వంక చూసింది. "మూడోసారైతే గంట ఆగక్కర్లేదు. ఈసీజీ మళ్లీ తియ్యండి, వీపు వైపు కూడా తీగలు పెట్టండి. గుండె డాక్టరు గారికి నేను ఫోను చేస్తా." కొత్త సిస్టరు తీగలు అతికించింది. కాగితం బయటికి వస్తుంటే పెద్ద సిస్టరు దాన్ని రోగి బంధువులా చూడలేదు, చూడటం రాలేదు, తలకిందులుగానే చదివేసింది. బుద్ధిగా ఉన్న గీతలు ఇప్పుడు ఒక చోట కుంగి, వీపు వైపు లేచాయి. అక్కడినుంచి అంతా పరుగే. అయినా ఎవరూ అరవలేదు, ఎవరి పని వాళ్లకు తెలుసు. వదిన చెవి పోగులు తీశారు, ఒప్పుకోలు కాగితం మీద వదిన వేలిముద్ర కాదు, పొడుగ్గా సంతకమే పెట్టింది. యాంజియో గదికి మంచం కదిలింది, ఎడమ చక్రం లాగేస్తుంటే పెద్ద సిస్టరు తన తుంటితో అదుముతూ తలుపు దాకా నడిచింది. తలుపు దగ్గర ఆపేశారు. బంధువులు లోపలికి రాకూడదు. ఆ మాట ఎన్నిసార్లు అందో తను.

వెనక్కి తిరిగేసరికి కొత్త సిస్టరు కేస్ షీట్ పట్టుకుని నిలబడి ఉంది. పదిన్నర కొట్టేసి, పక్కన ఏడున్నర అని రాసి, కలం ఆపింది. "సిస్టర్... ఎవరు చెప్పారని రాయను?" అంది. వద్దంటే రాయడం మానేసేలా ఉంది. "ఉన్నదున్నట్టు రాయి" అంది పెద్ద సిస్టరు. "ఫోనులో సలహా చెప్పిన ఆడపడుచు, ఇక్కడి నర్సు అని రాయి." ఆ పిల్ల రాస్తుంటే నిలబడి చూసింది. అక్షరాలు ఈసారి వంకరగా వచ్చాయి.

వరండాలో అన్నయ్య ఒళ్లో సంచీ అలాగే పట్టుకుని పక్క కుర్చీ చూపించాడు. కూర్చుంది. "గ్యాసేనా?" అన్నాడు. ఎంత ఆశగా అన్నాడో. ఆమె చెప్పింది. నాళం గురించి, లోపల ఏం చేస్తున్నారన్న దాని గురించి చెప్పింది. ఆగింది. ఏడున్నర గురించి కూడా చెప్పింది, ఒక్క మాట మింగకుండా, బూట్ల తాళ్లతో సహా. "అప్పుడే రమ్మని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదన్నయ్యా." అన్నయ్య ఆ తలుపు వంకే చూస్తున్నాడు. ఏమీ అనలేదు. కోప్పడినా బాగుండేది. అరగంట, ముప్పావుగంట, ఆయన చూపు తలుపు మీంచి కదల్లేదు. ఈ ఇంట్లో తనకిక మాట మిగలదేమో అనిపించింది, అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, యూనిఫాం జేబులో రుమాలు లేదు, దూది ఉంటే దానితో తుడుచుకుంది.

గుండె డాక్టరు బయటికి వచ్చి టోపీ తీస్తూ, నాళం తెరిచామని, స్టెంట్ పెట్టామని, కండకు పెద్దగా దెబ్బ తగల్లేదని చెప్పాడు. లోపలికి ఇద్దర్నీ రమ్మన్నారు. వదిన మొహం వడిలిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి, కానీ నుదురు వెచ్చగా ఉంది, పెద్ద సిస్టరు ముందు అదే ముట్టుకుని చూసింది. వదిన ఆమె చేతిని నుదుటి మీంచి తీసి పట్టుకుని, వదలకుండా, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, దీన్నేమీ అనకండి" అంది మెల్లగా. "పొద్దున ఏడున్నరకే, వెంటనే బయల్దేరి వచ్చెయ్ వదినా అని నెత్తీ నోరూ కొట్టుకుంది. నేనే వినలేదు."

పెద్ద సిస్టరు కాదనబోయింది. అన్నయ్య చెల్లెలి వంక ఒకసారి చూశాడు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అవును" అన్నాడు. "ఇందాక బయట అదే చెప్పింది."